చావింటి క్యారేజీ

మొన్న లావణ్య వాళ్లమ్మ కరీంనగర్‌లో పోయింది. లావణ్య ఇప్పుడు మ్యూనిక్‌లోనే, మాకు కాస్త దూరంలో ఉంటుంది. కబురు తెలిసి, ఏదైనా వండి పట్టుకెళ్దామని గిన్నెల కోసం వంటింటి పై అర వెతుకుతుంటే, పాత దుప్పటిలో చుట్టి పెట్టిన స్టీలు క్యారేజీ చేతికి తగిలింది. నాలుగు గిన్నెలది. పై మూత మీద సొట్ట. అడుగు గిన్నె మీద పెళ్లి సామాన్ల మీద చెక్కించినట్టు చుక్కలతో చెక్కిన పేరు, బి. భారతి. దుప్పటి విప్పగానే చింతపండు వాసన గుప్పుమందని రాస్తే బాగానే ఉంటుంది గానీ, అబద్ధం. ఏ వాసనా రాలేదు. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ గిన్నెలను చూస్తే అందులోంచి తిన్న అన్నం గుర్తుకు రాదు. నీలం రబ్బరు తొడుగు వేసుకున్న ఒక చెయ్యి వాటి మూతలు ఒక్కొక్కటే తీసి లోపల ఏముందో చూడటం గుర్తుకొస్తుంది.

అప్పుడు నేను జర్మనీలోనే కాట్‌బస్ అనే ఊళ్లో మాస్టర్స్ చదువుతున్నాను. మాది రాజమండ్రి. నాతో పాటు ఫ్లాటులో ఉన్న భారతక్కది నల్గొండ. వయసులో నాకన్నా బాగా పెద్దది. హైదరాబాదులో ఇంజనీరింగ్ కాలేజీలో కొన్నాళ్లు పాఠాలు చెప్పి, భర్తతో పొసగక విడిపోయి, మళ్లీ పుస్తకాలు పట్టుకుని విద్యార్థినిగా ఇక్కడికి వచ్చింది. మురుగునీటిని శుద్ధి చెయ్యడం ఆవిడ చదువు. ఆ చదువు పేరు చెప్పి నేను ఆటపట్టిస్తే, "మీరంత కడుక్కున్న నీళ్లు ఏడికి పోతయో ఎవ్వలో ఒకలు చూడాలె గద" అనేది. ఊరి చివర, తూర్పు జర్మనీ రోజుల్లో సిమెంటు పలకలు అతికించి కట్టిన మేడ మాది. ఆ గోడలకు చెవులే కాదు, నోళ్లు కూడా ఉండేవి. పై ఇంటి ముసలాయన దగ్గితే మా పప్పుగిన్నె మీది మూత కదిలేది. ఆ ముసలాయనకు పైన, మూడో అంతస్తులో లావణ్య ఉండేది.

భారతక్క లేస్తూనే కిటికీలు బార్లా తెరిచేది, బయట మంచు కురుస్తున్నా సరే. ఇల్లు గాలి పీల్చకపోతే గోడలకు బూజు పడుతుందని ఇంటి ఓనరు చెప్పిన మాటను ఆవిడ వేదవాక్కులా పట్టుకుంది. నేను దుప్పటి ముసుగులోంచి శాపనార్థాలు పెడుతుంటే టీ గ్లాసు తెచ్చి తల దగ్గర పెట్టేది. తాళింపు వేసే ముందు వంటింటి తలుపు మూసి, తలుపు కింద తడి తువ్వాలు దోపేది. ఎండుమిర్చి ఘాటు మెట్ల మీదికి పోతే ముసలాయన తలుపు తీసి మొహం అదోలా పెడతాడని. ఆదివారం చప్పుడు చెయ్యకూడదు కాబట్టి మిక్సీ పని అంతా శనివారమే ముగించేది. ఖాళీ సీసాలు ఆదివారం డబ్బాలో వెయ్యనిచ్చేది కాదు. మెట్లు కడిగే వంతు మాది వచ్చినప్పుడు ముసలాయన గుమ్మం ముందు కూడా తుడిచేది. ఈ దేశం పెట్టిన నియమాలను ఈ దేశంలో పుట్టినవాళ్లకన్నా బాగా పాటించిన మనిషిని నేను చూశానంటే ఆవిడనే చూశాను. తరువాత జరిగింది తలుచుకున్నప్పుడల్లా నా ఒళ్లు మండేది అందుకే.

ఇక ఆవిడ మాట. గదిలోంచి బయటికొచ్చినా, ఫోనెత్తినా, మెట్ల మీద ఎదురుపడినా భారతక్క నోట మొదట వచ్చేది ఒకటే, "తిన్నవా బిడ్డా?" పరీక్ష తప్పి ఏడుస్తూ వచ్చిన రోజున కూడా అదే అడిగింది. తప్పానక్కా అంటే, "తప్పినవ్, సరే. తిన్నవా?" అంది. అప్పుడు విసుక్కునేదాన్ని. ఇప్పుడు మా ఇంట్లో అందరికీ అన్నీ ఉన్నాయి గానీ, ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేరు.

ఆవిడకు ఆరేళ్ల కూతురు, హాసిని. మిర్యాలగూడలో భారతక్క చెల్లెలి దగ్గర పెరుగుతోంది. రోజూ మన దేశంలో సాయంత్రమయ్యే వేళకు వీడియోలో కనిపించి, "అమ్మా, నన్నెప్పుడు తీస్కపోతవ్?" అని అడిగేది. భారతక్క చదువు పూర్తయింది. డార్మ్‌స్టాట్ దగ్గర ఒక కంపెనీలో ఉద్యోగం కూడా ఖాయమైంది. ఈ దేశంలో ఉండనిచ్చే విద్యార్థి కార్డు పోయి ఉద్యోగపు కార్డు చేతికొస్తే చాలు, పని మొదలవుతుంది, ఆ వెనకే బిడ్డ వస్తుంది. ఇక్కడ బడిలో మొదటిరోజున పిల్లల చేతికి పొడవాటి అట్ట పొట్లం ఇస్తారు, శంఖువులా ఉంటుంది, నిండా మిఠాయిలు, రంగు పెన్సిళ్లు. భారతక్క అప్పుడే ఒకటి కొనేసింది, నెమళ్ల బొమ్మలున్నది. "ముందే కొంటే అపశకునమక్కా" అని నేనంటే వినలేదు. దాన్ని బీరువా మీద నిలబెట్టి, బజారుకెళ్లినప్పుడల్లా ఒక చాక్లెట్టు తెచ్చి అందులో వేసేది.

కరోనా అన్నీ మూసేసింది. విదేశీయుల ఆఫీసును మేమందరం ఆమ్ట్ అనేవాళ్లం. ఆ ఆమ్ట్ కూడా తలుపులు మూసుకుంది. లోపలికి వెళ్లాలంటే టెర్మిన్, అంటే ముందే ఖాయం చేసుకున్న సమయం కావాలి, టెర్మిన్ కావాలంటే మెయిల్ రాయాలి, మెయిల్ రాస్తే మనిషి కాక యంత్రం జవాబిస్తుంది. మీ దరఖాస్తు అందింది, దయచేసి మళ్లీ మళ్లీ అడగవద్దు అని. భారతక్క పాత కార్డు గడువు తీరకముందే దరఖాస్తు పంపింది. ఆ జవాబును ఫోన్లో దాచుకుంది. గడువు తీరింది. కొత్త కార్డు రాలేదు. "టెర్మిన్ దొరికిందా?" అని అడగడం ఆ రోజుల్లో మాకు పలకరింపు అయిపోయింది, ఊళ్లో వానలు పడ్డాయా అన్నట్టు. మా తోటి పిల్లల్లో సగంమంది అదే దిక్కులేని పడవలో ఉన్నారు కాబట్టి ఎవరమూ పెద్దగా భయపడలేదు. రోజూ గోదాముల్లో సరుకు సర్దే పనికి వెళ్లేవాళ్లం. మీరు లేకపోతే దేశం నడవదని టీవీలో పెద్దలు మెచ్చుకుంటున్న పనివాళ్లమే మేము. ఆ మెచ్చుకోలు తలుచుకుంటే ఇప్పుడు నాకు వాంతి వస్తుంది.

రెండో ఏడు ఎండాకాలం మొదట్లో లావణ్య వాళ్ల నాన్న ఆస్పత్రిలో పోయారు. విమానాలు లేవు. ఆ పిల్ల దహనాన్ని ఫోన్లో చూసింది, అది కూడా సగంలో ఆగిపోయింది. ఆదివారం పొద్దున్నే కబురు వినగానే భారతక్క వంటింట్లోకి నడిచింది. చావింట్లో పొయ్యి వెలిగించకూడదు, చుట్టుపక్కల వాళ్లే వండి తీసుకెళ్లి తినిపించాలి. ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకుండా మా అందరికీ తెలుసు. కానీ ఒక ఇంట్లోకి ఇంకో ఇంటి నుంచి ఒక్క మనిషే వెళ్లాలని అప్పట్లో రూలు. నేను ఆ మాట అన్నాను. భారతక్క, అన్ని రూళ్లూ పాటించే భారతక్క, బియ్యం కడుగుతూ నా వైపు చూసి, "పీనుగ లేసిన ఇంటికి ఒక్కలు పోతరా?" అంది. అంతే, ఆ వాదన ముగిసింది.

ముద్దపప్పు, చారు, అన్నం, పెరుగు. వాళ్ల వైపు చావింటికి పంపే వంటలో తాళింపు వెయ్యరట. అందువల్ల ఆ రోజు తలుపు కింద తువ్వాలు కూడా అవసరం పడలేదు. నాలుగు గిన్నెలూ పేర్చి, పక్కన ఇనుప కడ్డీ బిగించి, ఇద్దరం ఇంటి చెప్పులతో మెట్లెక్కాం. మేము వీధిలోకి వెళ్లలేదు. బయటి గాలి కూడా తగల్లేదు. మొదటి అంతస్తు నుంచి మూడో అంతస్తుకు వెళ్లాం, అంతే.

లావణ్య రాయిలా కూర్చుని ఉంది. కంట్లో చుక్క లేదు. ఆ పిల్ల గదిలో ఉండే మలయాళీ అమ్మాయి ఏం చెయ్యాలో తెలియక మూల నిలబడింది. భారతక్క క్యారేజీ బల్ల మీద పెట్టి, లావణ్యను దగ్గరకు తీసుకుని, "ఎవ్వలున్నరని బిగబట్టుకున్నవ్ బిడ్డా? ఏడువు. గట్టిగ ఏడువు. మీ నాయిన కోసం నువ్వు ఏడ్వకుంటే ఎవ్వలు ఏడుస్తరు?" అంది. ఇంకేముంది, ఆ పిల్ల కట్ట తెగినట్టు మొదలుపెట్టింది. "నాయినా, నన్ను ఒక్కదాన్ని చేసి పోతివా, నీ మొకం సూడకపోతినే" అని శోకం తీసింది. భారతక్క కూడా ఆ రాగంలోనే కలిసింది. మా వైపు ఇంత బహిరంగంగా ఏడవరు, నాకు మొదట సిగ్గనిపించింది, తరువాత నాకు తెలియకుండానే నేనూ గొంతు కలిపాను. చచ్చినవాడి కోసం అరిచి ఏడిస్తే గుండె తేలికవుతుందని మన ఊళ్లలో పశువుల కాపరికి కూడా తెలుసు. ఇక్కడ మాత్రం చావు కూడా తలుపులు వేసుకుని, నల్లకోటు వేసుకుని, గొంతు తగ్గించుకుని రావాలి. పైగా అది ఆదివారం.

ముసలాయన పోలీసులకు ఫోన్ చేశాడు. పైన విదేశీయులు గుంపుగా చేరి కేకలు పెడుతున్నారు, పార్టీయో కొట్లాటో తెలియదు అని చెప్పాడట. ఇద్దరు వచ్చారు, మాస్కులు కట్టుకుని. ఒకతను నడివయసువాడు, ఇంకొకతను కుర్రవాడు. తలుపు తెరవగానే లోపలికి చూసి, ఏడ్చి ఉబ్బిన మా మొహాలు చూసి, పెద్దతను తగ్గాడు. ఏం జరిగిందని అడిగాడు. నేను చెప్పాను. అతను లావణ్య వైపు తిరిగి, "మీ నాన్నగారి మరణానికి నా సంతాపం" అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు, తల కాస్త వంచి మరీ అన్నాడు. ఆ తరువాత, ఇక్కడ ఉండకూడనంత మంది ఉన్నారు కాబట్టి అందరి పాస్‌పోర్టులు, కార్డులు చూపించాలన్నాడు. కుర్రవాడు ఈలోగా బల్ల మీది క్యారేజీ చూసి ఇదేమిటన్నాడు. అన్నం అన్నాను. నీలం తొడుగు వేసుకున్న చేత్తో కడ్డీ తీశాడు. మూత ఒకటి, గిన్నె ఒకటి. పప్పు చూశాడు. చారు చూశాడు. పెరుగు గిన్నె దగ్గరికొచ్చేసరికి మూత జారి కింద పడింది. ఆ సొట్ట అప్పటిదే. "అయ్యో, క్షమించండి" అన్నాడు వాడు కూడా. బూతులు తిట్టినవాణ్ని నేను మరిచిపోగలను గానీ, ఆ మర్యాదను మాత్రం మరిచిపోలేను. చావింటి అన్నంలో వేళ్లు పెట్టి క్షమించమనడం ఎంత రోత పనో వాళ్లకు ఎవరూ నేర్పలేదు కాబోలు.

మేమిద్దరం కిందికి దిగి కార్డులు తెచ్చాం. నాది చెల్లే కార్డు. ఒకసారి చూసి ఇచ్చేశారు. భారతక్కది గడువు తీరిన కార్డు, ఫోన్లో యంత్రం పంపిన జవాబు. పెద్దతను రేడియోలో ఎవరితోనో మాట్లాడాడు. ఆదివారం కదా, ఆమ్ట్‌లో ఎత్తేవాళ్లు లేరు. వాళ్ల తెర మీద గడువు తీరిన తేదీ ఉంది, దరఖాస్తు సంగతి లేదు. "అనుమతి లేకుండా దేశంలో ఉన్నారన్న అనుమానం ఉంది. మీరు మాతో స్టేషనుకు రావాలి" అన్నాడు. నేను గొంతు చించుకున్నాను. "దరఖాస్తు పెట్టుకుంది, చూడండి, ఇదిగో, మీరు మూసుకుని కూర్చుంటే ఆవిడ ఏం చేస్తుంది?" అని. దయచేసి శాంతించండి అన్నాడు. భారతక్క నా చెయ్యి పట్టుకుని, "ఊకో సుధా. దానికి తినిపియ్యి. చారు చల్లారుతది" అంది. చావింటి నుంచి వెళ్లేటప్పుడు వెళ్లొస్తానని చెప్పకూడదు కదా. భారతక్క ఆ ఆచారం తప్పలేదు. ఎవరికీ ఏమీ చెప్పకుండా ఇద్దరు పోలీసుల మధ్య ఇంటి చెప్పులతో మెట్లు దిగిపోయింది. రెండో అంతస్తు తలుపు సందులో ముసలాయన కన్ను కనిపించింది. ఆ గుమ్మం ముందు మొన్న శనివారం తుడిచింది భారతక్కే.

సాయంత్రానికి వదిలిపెట్టారు. ఇంటికొచ్చి, నాతో మాట్లాడకుండా నేరుగా స్నానాల గదిలోకి వెళ్లి తలమీంచి నీళ్లు పోసుకుంది. చాలాసేపు నీళ్ల చప్పుడు ఆగలేదు. చావింటికి వెళ్లొస్తే తలస్నానం చెయ్యాలి, అది మామూలే. కానీ ఆ స్నానం చావు మైలకో, స్టేషను మైలకో నాకు ఇప్పటికీ తెలియదు. బయటికొచ్చి తడిజుట్టుతో కుర్చీలో కూర్చుని చేతులు చూసుకుంది. పది వేళ్లూ, అరచేతులూ ఒక అద్దం మీద అదిమి పెట్టించుకున్నారట, ముందు నుంచి, పక్క నుంచి ఫొటోలు తీశారట. "సిరా కూడ లేదు బిడ్డా. అంత గ్లాసే. ఏమంటకపాయె. అయినా పోతలేదు" అంది. ఆ ఒక్క రోజు మాత్రం నన్ను తిన్నావా అని అడగలేదు.

అప్పటిదాకా నాకు తెలియని సంగతి ఏమిటంటే, ఈ దేశంలో విదేశీయుడి దగ్గర చెల్లే కార్డు లేకపోవడం సంతకం మరిచిపోవడం లాంటి చిన్న పొరపాటు కాదు, నేరం. దొంగ మీద పెట్టే క్రిమినల్ కేసే దాని మీద కూడా పెడతారు. యూనివర్సిటీలో విద్యార్థులకు ఉచితంగా సలహా చెప్పే ఒక పెద్దావిడ ఉండేది, లాయరు. ప్లాస్టిక్ తెర వెనక కూర్చుని మా మాట ఓపిగ్గా విని, గడువులోపలే దరఖాస్తు పెట్టారు కాబట్టి నేరమే లేదు, కేసు కొట్టేస్తారు అంది. మేము ఊపిరి పీల్చుకున్నాం. "కానీ," అంది, "విచారణ నడుస్తున్నంత కాలం ఆమ్ట్ మీ కార్డు మీద నిర్ణయం ఆపి ఉంచవచ్చు. అది కూడా చట్టమే." ఆమ్ట్ సరిగ్గా అదే చేసింది. మూతపడ్డ ఆఫీసు కదా, పోలీసులు పంపిన కబురు మాత్రం చక్కగా అందింది. కార్డు లేదు కాబట్టి కేసు. కేసు ఉంది కాబట్టి కార్డు లేదు. ఇది విని భారతక్క గట్టిగా నవ్వింది. "పిచ్చి కుదిరితే గాని పెండ్లి గాదు, పెండ్లైతే గాని పిచ్చి కుదరదు అంటరు గద, గిదే" అంది. ఆ పెద్దావిడకు సామెతను జర్మన్‌లోకి మార్చి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "నా చిన్నతనంలో ఈ ఆఫీసు పోలీసు భవనంలోనే ఉండేది. దాని పేరే విదేశీయుల పోలీసు. తరువాత బోర్డు మార్చారు, భవనం మార్చారు" అంది.

ఆ మాట పట్టుకుని, మేము కొత్తిమీర, పచ్చిమిర్చి కొనే కొట్టు దగ్గర వాగాను. కొట్టు నడిపే లాన్ ఆంటీ వియత్నాం మనిషి. తూర్పు జర్మనీ రోజుల్లో ఈ ఊరి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి వచ్చి ఉండిపోయింది. కొత్తిమీర కట్టలు విడదీస్తూనే చెప్పింది. "మా రోజుల్లో కడుపు వచ్చిన పిల్లను విమానం ఎక్కించేవాళ్లు. దొంగతనం చేసినా పంపేవాళ్లు, కడుపు వచ్చినా పంపేవాళ్లు. కాన్పు వద్దనుకుంటే ఉండవచ్చు. నా పక్క మిషను పిల్ల ఉండిపోయింది." ఉండిపోయింది అంటే ఏమిటో నేను అడగలేదు. "గోడ కూలాక ఫ్యాక్టరీ మూసేశారు. ఊరి కుర్రాళ్లు మా హాస్టలు కిటికీల మీద రాళ్లు వేశారు. పోలీసులు వచ్చారు. వచ్చి ఎవరి కాగితాలు చూశారనుకున్నావు? మావే." ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. ఆ రోజు ఒక కట్ట ఎక్కువ వేసి, "ఆ అక్కకు ఇవ్వు" అంది. నేను ఇంటికొచ్చే దారిలో రైల్వే వంతెన కింద గోడ మీద, విదేశీయులు పోవాలి అని నల్ల రంగుతో రాసిన రాత చూశాను. మేము ఆ ఊరికి వచ్చినప్పటి నుంచీ అది అక్కడే ఉంది. రాసినవాడెవడో ఎవరికీ తెలియదు. వాడి వేలిముద్రలు ఎవరూ తీసుకోలేదు. వాడి కార్డు ఎవరూ అడగలేదు. పెరుగన్నం మోసిన మనిషి మాత్రం రికార్డుల్లోకి ఎక్కింది. నాకు రాజకీయాలు తెలియవు. కానీ ఇంతకన్నా నీచమైన పని ఏదైనా ఉందంటే నాకెవరైనా చెప్పండి.

కంపెనీ వాళ్లు కొన్నాళ్లు ఆగారు. మంచివాళ్లే పాపం, మళ్లీ కొన్నాళ్లు ఆగారు. ఆ తరువాత విచారిస్తున్నామని రాశారు. ఉద్యోగం పోయింది కాబట్టి ఉద్యోగపు కార్డు అడగడానికి ఆధారం లేదని ఆమ్ట్ రాసింది. ఇంత కాలం నోరు విప్పని ఆఫీసు, దేశం విడిచి వెళ్లమని చెప్పడానికి మాత్రం గబగబా నోరు విప్పింది. లాయరు పెద్దావిడ పోరాడదామంది. భారతక్క వద్దంది. హాసిని ఆ మధ్య వీడియోలో ఎప్పుడు తీస్కపోతవని అడగడం మానేసింది. అదే భారతక్కను దెబ్బ తీసింది. "ఇంకొన్ని దినాలైతే అది నన్ను పిన్నమ్మా అంటది" అంది. సంచులు సర్దేటప్పుడు ఆ పొడవాటి పొట్లం ఏ పెట్టెలోనూ పట్టలేదు. అట్ట శంఖువు, మడిచితే విరిగిపోతుంది. లోపలి చాక్లెట్లు, పెన్సిళ్లు తీసి మెట్ల మీద ఆడుకుంటున్న పిల్లలకు పంచింది. వాళ్లలో పై ఇంటి ముసలాయన మనవరాలు కూడా ఉంది. "దానికి కూడానా అక్కా?" అని నేను పళ్లు కొరికాను. "పోరి ఏం జేసింది బిడ్డా?" అంది. ఆవిడ పెద్దమనసును నేను అప్పుడూ మెచ్చుకోలేదు, ఇప్పుడూ మెచ్చుకోను. నేనైతే ఆ చాక్లెట్లు చెత్తడబ్బాలో వేసేదాన్ని. ఖాళీ పొట్లాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు చంకలో పెట్టుకుని విమానాశ్రయానికి వచ్చింది. క్యారేజీ నాకిచ్చింది. "నాతోటి వద్దు. ఎవ్వలింట్ల పొయ్యి వెలగకుంటే, నువ్వు పట్కపో" అంది. ఆ తరువాత ఎన్నో చావులు విన్నాను. దీన్ని మాత్రం ఒక్కసారి కూడా బయటికి తియ్యలేదు.

భారతక్క వెళ్లిపోయిన చాన్నాళ్లకు కేసు కొట్టేసినట్టు ఉత్తరం మా డబ్బాలో పడింది. దొంగలు పడిన ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు. అనుమానానికి తగిన ఆధారాలు లేవు అని ఒకటే వాక్యం. ఫోన్లో చదివి వినిపించాను. "అయితే నేను దొంగను గానన్నట్టు" అంది. చేతులు చూసుకుని ఉంటుందని నాకు అనిపించింది. ఆవిడ ఇప్పుడు నల్గొండలో ఒక కాలేజీలో మళ్లీ పాఠాలు చెబుతోంది. హాసిని నాకన్నా పొడుగైంది. దాన్ని ఈ దేశానికి చదువుకు పంపమని నేను ఒకసారి అంటే, భారతక్క మాట మార్చి మా అబ్బాయి ఏం తింటాడని అడిగింది.

నేను ఇక్కడే ఉండిపోయాను. ఉద్యోగం, పెళ్లి, పిల్లవాడు, ఆ తరువాత ఈ దేశపు ఎర్ర పాస్‌పోర్టు కూడా. పౌరసత్వ ప్రమాణం చేసిన రోజు అందరూ చప్పట్లు కొట్టారు. నాకు భారతక్క ఇంటి చెప్పులు గుర్తొచ్చాయి. ఇప్పుడు ఆమ్ట్‌లన్నీ కంప్యూటర్లలో చక్కగా నడుస్తున్నాయని, టెర్మిన్ల బాధ లేదని కొత్తగా వచ్చిన పిల్లలు అంటుంటారు. నిజమే కావచ్చు. ఒకప్పుడు పోలీసుకు ఆమ్ట్ సంగతి తెలియాలంటే ఎవరో ఫోనెత్తాలి, ఇప్పుడు ఆ అవసరం కూడా లేదు. మురికి కాలువకు పైన పలక వేస్తే వీధి శుభ్రంగా కనిపిస్తుంది. కింద పారేది ఎక్కడికి పోతుందో చూసే మనిషిని మేము పంపించేశాం.

మొన్న ఆ క్యారేజీని చింతపండుతో తోమాను. ముద్దపప్పు, చారు, అన్నం, పెరుగు. తాళింపు వెయ్యలేదు. గిన్నెలు పేర్చి కడ్డీ బిగించాను. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, బీరువాలోంచి పాస్‌పోర్టు తీసి సంచిలో అడుగున పెట్టాను. మా అబ్బాయి సోఫాలోంచి తలెత్తి, "వోజూ, మామా?" అన్నాడు. ఎందుకమ్మా అని. సంచి భుజానికి తగిలించుకుని బయలుదేరాను. ఎస్-బాన్ రైల్లో ఇద్దరు పోలీసులు ఎక్కారు. నా వైపు చూడను కూడా చూడలేదు. వాళ్లు దిగిపోయేదాకా నేను సంచి మీద నుంచి చెయ్యి తియ్యలేదు. నా దేశంలో, నా పాస్‌పోర్టుతో, పప్పన్నం పట్టుకుని.

లావణ్య ఇంట్లో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. భర్త ఫోన్లో బిర్యానీ ఆర్డరు చెయ్యబోతున్నాడు. లావణ్య ఏడుస్తోంది, చప్పుడు లేకుండా, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని. ఎప్పుడైనా గొంతు కాస్త లేస్తే చాలు, వాళ్ల చిన్నది పరిగెత్తుకొచ్చి, "లైజె, మామా, లైజె" అంటోంది. మెల్లిగా అమ్మా, పక్కింటివాళ్లు అని. నేను క్యారేజీ బల్ల మీద పెట్టగానే లావణ్య దాన్ని చూసి నిలువునా లేచింది. "ఇది అక్కది గదా?" అంది. ఫోన్ తీసి భారతక్కకు వీడియో కలిపింది.

భారతక్క జుట్టు పూర్తిగా తెల్లబడింది. అద్దాలు సర్దుకుని తెరలోకి చూసింది. లావణ్యను చూసింది, వెనక బల్ల మీద క్యారేజీని చూసింది, పక్కన నన్ను చూసింది. తిన్నవా బిడ్డా అని అడుగుతుందని ఎదురుచూశాను.

"సుధా, కార్డు దగ్గర పెట్టుకున్నవా?" అంది.

నాకు ఇక కార్డు అవసరం లేదని ఆవిడకు ఎన్నిసార్లో చెప్పాను. అయినా, సంచి అడుగు నుంచి పాస్‌పోర్టు తీసి ఫోను ముందు పెట్టాను. అద్దాలు పైకి లేపి, దగ్గరికి వంగి, ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. అప్పుడు గాని లావణ్య వైపు తిరగలేదు.

"ఇగ ఏడువు బిడ్డా," అంది, "గట్టిగ ఏడువు."